లెక్కలు ఎక్కడ దాస్తున్నారో కూడా అడగండి

సంపాదకులకు నమస్కారం.

సహకార సంఘాల లెక్కలను కంప్యూటర్లలోకి మార్చడం మీద పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. తెర ఎలా ఉంటుందో, రైతు ఫోనుకు మెసేజీ ఎలా వస్తుందో, రసీదు ఎంత త్వరగా చేతికొస్తుందో బాగా రాశారు. ఆ లెక్కలు చివరికి ఏ రూపంలో, ఎవరు చదవగలిగేలా దాచిపెడతారన్నది మాత్రం ఒక్క ముక్క లేదు. పైగా చివర్లో పాత చిట్టా ఆవర్జాల కాలం చెల్లిపోయిందన్నారు. ముప్పై ఎనిమిదేళ్లుగా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలో లెక్కలు రాస్తున్నవాణ్ణి. ఆ మాటకు జవాబు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ముందు మా కొట్లో జరిగింది చెబుతాను. 2009లో మా షావుకారు గారు ఒక ప్రోగ్రాం కొన్నారు. ఎవరి దగ్గరన్నది ఇప్పుడు అనవసరం. దాంతో పాటు పెన్ డ్రైవ్ లాంటి చిన్న ముక్క ఒకటి ఇచ్చారు. డాంగిల్ అంటారు. అది కంప్యూటర్‌కు గుచ్చి ఉంటేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. తొమ్మిదేళ్లు బాగానే నడిచింది. 2018 మార్చిలో, యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పెట్టడానికి జాగా దొరకని రోజుల్లో, ఒక పొద్దున ఆ డాంగిల్ చచ్చిపోయింది. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఆ నంబరు ఎవరో టైలరు గారిది అయిపోయింది.

లెక్కలు ఎక్కడికీ పోలేదు. అదే డిస్కులో, అదే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. డబ్బాలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు, మధ్యమధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో రైతుల పేర్లు. ఫలానా ఊరి రైతు ఉన్నాడు, ఆయనకు మేం ఎంత ఇవ్వాలో లేదు. అంకెలన్నీ ఆ డబ్బాల్లో ఎక్కడో ఉన్నాయి. మా సొంత లెక్క, మా కరెంటు, మా డిస్కు, చదవడానికి మాత్రం మాకు హక్కు లేదు. పట్టీల, అంటే సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీల, కార్బన్ కాపీలు ముందేసుకుని, నేనూ ఇంకో కుర్రాడూ పదకొండు రాత్రులు కూర్చుని ఆ ఏడాది నిల్వలు తేల్చాం. రెండు పట్టీలు దొరకలేదు. వాటికి రైతులు చెప్పిందే లెక్క అయింది. నిజాయితీపరులు కాబట్టి సరిపోయింది.

ఆ తర్వాత మా మేనల్లుడు, అప్పట్లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, గ్నూక్యాష్ అనే ప్రోగ్రాం తెచ్చి పెట్టాడు. డబ్బు కట్టక్కర్లేదు, దాని రాత, అంటే కోడ్, మొత్తం ఎవరైనా చూడొచ్చు. మామూలుగా అది లెక్కల్ని ఎక్స్‌ఎంఎల్ అనే రాత ఫైలులో దాస్తుంది. 2010 డిసెంబరులో వచ్చిన 2.4 నుంచి ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేసుల్లో, అంటే లెక్కల్ని పట్టికలుగా దాచే ప్రోగ్రాంలలో, కూడా దాచే వీలు పెట్టారు. ఎస్‌క్యూలైట్ అయితే అంతా ఒకే ఫైలులో ఉంటుంది. అందులో నేను ఒక పట్టీ ఎక్కించాక వాడు గ్నూక్యాష్‌ను మూసేసి, అదే ఫైలును వేరే ప్రోగ్రాంలో తెరిచాడు. లోపల ఖాతాలకు ఒక పట్టిక, లావాదేవీలకు ఒకటి, ఒక్కో లావాదేవీలోని జమా ఖర్చుల వరసలకు ఒకటి ఉన్నాయి. నా పద్దు నాకు కనిపించింది. దాన్ని రాసిన ప్రోగ్రాంతో పని లేకుండా కనిపించింది. డబ్బాలు చూసి వచ్చినవాణ్ణి కదా, కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

అక్కడ ఇంకో వింత చూశాను. 2,55,200 రూపాయలన్న మొత్తం ఆ రూపంలో లేదు. ఒక గడిలో 25520000, పక్క గడిలో 100 ఉన్నాయి. అంటే పైన లవం, కింద హారం. ఇదేం తిప్పలురా అని అడిగాను. వాడికీ తెలియదు. నాకు మాత్రం మా పెద్ద గుమస్తాగారు గుర్తొచ్చారు. ఆయన అణాల కాలంలో లెక్క నేర్చిన మనిషి. రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, అంటే రూపాయికి 192 పైలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు అణా ఆరుంబావు పైసలైంది. ఆ పావు పైసాను ఎక్కడ పెట్టాలన్న దాని మీద కొట్లకు కొట్లే తగువులాడుకున్నాయని చెప్పేవారు. మూడణాలను పదహారింట మూడు అని రాసుకుంటే తగువే లేదు, ఎంత కూడినా చెక్కు చెదరదు. దశాంశంలోకి దించి తోక కత్తిరిస్తేనే గొడవంతా. గ్నూక్యాష్ రాసినవాళ్లకు మన అణాల సంగతి తెలుసో లేదో గానీ, లవమూ హారమూ విడిగా దాచడం నాకు మహా నచ్చింది.

గ్నూక్యాష్ మా పనికి అచ్చంగా సరిపోలేదు. టిక్కీల లెక్క, క్వింటాళ్లు, పట్టీ, తెలుగులో పేర్లు, ఇవన్నీ మా అవసరాలు. అందుకని వాడే, లెక్కలు ఎస్‌క్యూలైట్‌లో దాచేలా, ఒక చిన్న ప్రోగ్రాం మొదలుపెట్టాడు. దాని రాత కూడా అందరికీ తెరిచే పెట్టాడు. నా వంతు పని తప్పులు పట్టడం. తెరలన్నీ మూడు వారాల్లో అయిపోయాయి. లెక్క దాచే భాగానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలల్లో ఏం జరిగిందో చెబితే, కంప్యూటర్లో లెక్కలు దాచడమంటే ఏమిటో మీ పాఠకులకు కొంతైనా తెలుస్తుంది.

మొదటి గొడవ పైసలతోనే. వాడు మొత్తాలను చుక్క పెట్టిన దశాంశాలుగా దాచాడు. పరీక్షకని నేనొక పద్దు వేశాను. ఒక పక్క రూపాయి పది పైసలు, రెండు రూపాయల ఇరవై పైసలు. రెండో పక్క మూడు రూపాయల ముప్పై పైసలు. "జమా ఖర్చులు సరిపోలేదు" అంది ప్రోగ్రాం. తెర మీద చూస్తే ఇటు 3.30, అటు 3.30. ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా సరిపోయిందనే అంటాడు.

"మావయ్యా, కంప్యూటర్ లోపల ఇది 3.3000000000000003" అన్నాడు వాడు తల గోక్కుంటూ.

మనకు ఒకటిని మూడుతో భాగిస్తే దశాంశం తెగనట్టే, సున్నా, ఒకటి అన్న రెండు అంకెలతోనే లెక్కించే కంప్యూటర్‌కు పదో వంతు తెగదట. దగ్గరగా ఉన్నదేదో రాసుకుంటుంది. అంత చిన్న తేడా ఎవడు చూస్తాడని వాడి వాదన. ప్రోగ్రామే చూసి మొరాయిస్తోందిగా అని నా వాదన. చివరికి రూపాయలన్న మాటే తీసేసి అన్నీ పైసల్లో, పూర్ణాంకాల్లో దాచాం. తూకం గ్రాముల్లో పెట్టాం. చుక్క తెర మీద కనిపించడానికే, దాచేచోట ఎక్కడా ఉండదు.

రెండోది కరెంటు. మా కొట్లో ఒక పట్టీ అంటే ఇలా ఉంటుంది. 40 టిక్కీలు, 17 క్వింటాళ్ల 60 కిలోలు, రేటు 14,500. మొత్తం 2,55,200 కొన్న వ్యాపారి ఖాతాకు ఖర్చు. అందులోంచి హమాలీ, కాటా 1,180, లారీ బాడుగ 3,200, కమీషన్ 5,104, రైతు ముందే తీసుకున్న బదులు 60,000 ఎక్కడివక్కడ జమ. మిగిలిన 1,85,716 రైతు ఖాతాకు జమ. ఒక పట్టీకి ఆరు వరసలు. వాడు మొదట వరస తర్వాత వరస దాచేలా రాశాడు. నేను మూడో వరస పడుతుండగా గోడకున్న ప్లగ్ పీకాను. వాడు లబోదిబోమన్నాడు. మళ్లీ పెట్టి చూస్తే వ్యాపారి ఖాతాలో రెండున్నర లక్షల పైచిలుకు పడింది, హమాలీ పడింది, బాడుగ పడింది, రైతుకు పైసా పడలేదు. ఏప్రిల్‌లో మా ఏరియాలో కరెంటు ఎలా ఉంటుందో వాడికి తెలియక కాదు, లెక్క కట్టలేదంతే.

దీనికి డేటాబేసుల్లో పాత మందే ఉంది. ఆరు వరసల్నీ ఒక మూటగా కట్టి ఇస్తే, పడితే ఆరూ పడతాయి, లేకపోతే ఒక్కటీ పడదు. ఎస్‌క్యూలైట్ ఏం చేస్తుందంటే, పేజీని మార్చే ముందు పాత పేజీని పక్కన ఇంకో ఫైలులో నకలు తీసి పెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ తెరిచినప్పుడు ఆ నకలు చూసి పాత పేజీని యథాతథంగా పెట్టేస్తుంది. ఒక ఆదివారం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, యూపీఎస్ లేని పాత కంప్యూటర్‌ను ముప్పైసార్లు ప్లగ్ పీకి చూశాం. ప్రతిసారీ పట్టీ పూర్తిగా ఉంది, లేదా పూర్తిగా లేదు. సగం పట్టీ మాత్రం ఒక్కసారీ కనిపించలేదు. ఆ రోజు నుంచి నాకు టెన్షన్ తగ్గింది. మా ఆవిడకు మాత్రం పెరిగింది, ఎందుకంటే ఆ పరీక్ష మా ఇంట్లోనే చేశాం, ప్లగ్గు పక్కనే ఫ్రిజ్‌ది కూడా.

జమా ఖర్చులు సరిపోని పద్దును అసలు లోపలికే రానివ్వకూడదన్నది నా పట్టుదల. తెర దగ్గర ఆపితే చాలదు. రేపు ఇంకెవరో ఇంకో తెర రాస్తారు, ఆపడం మర్చిపోతారు. దాచేచోటే ఆపాలి. ఇది అనుకున్నంత తేలిక కాలేదు. ఒక్క వరసను చూసి తప్పొప్పులు చెప్పడం డేటాబేస్‌కు తేలికే గానీ, ఆరు వరసల్నీ కలిపి కూడి చూడమంటే ఎప్పుడు కూడాలన్నది ప్రశ్న. మొదటి వరస పడగానే కూడితే ఎప్పుడూ తేడాయే కదా. అందుకని పద్దును ముందు చిత్తుగా వేసి, చివర్న "ఖరారు" అన్న గుర్తు పెట్టేటప్పుడు కూడమన్నాం. జమా ఖర్చుల తేడా సున్నా రాకపోతే ఖరారు కాదు. ఖరారు కాని పద్దు ఏ ఖాతాలోనూ కనిపించదు. చిత్తు పుస్తకం, సాపు పుస్తకం అని మేం రెండు పెట్టుకునేది ఇందుకే.

నిల్వల మీద వాడికీ నాకూ రెండు రోజులు మాటల్లేవు. ప్రతి ఖాతా పక్కన నిల్వను కూడా దాచేస్తే త్వరగా చూపించొచ్చని వాడు. ఒకే సంగతి రెండుచోట్ల రాస్తే ఏదో ఒక రోజు రెండూ వేరు మాట చెబుతాయని నేను. ఆవర్జాలో "కింది పేజీకి తీసుకెళ్లిన మొత్తం" తప్పు రాసి, తర్వాత నలభై పేజీలు ఆ తప్పునే మోసుకెళ్లిన అనుభవం నాది. మా కొట్లో ఏడాదికి నలభై వేల వరసలు మించవు. ఎస్‌క్యూలైట్ వాటిని కూడటానికి రెప్పపాటు కూడా తీసుకోదు. అదే పెద్ద కంపెనీ అయితే వాడి మాటే నిజమేమో. మాకెందుకు?

ఇక తేదీ. ఇది నాకు అస్సలు తోచని తప్పు. వాడు తేదీతో పాటు గంట, నిమిషం కూడా, ప్రతి పద్దూ ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి పడినట్టు, లండన్ వైపు గ్రీనిచ్ కాలమానంలోకి మార్చి దాచాడు. మాకు అంతా బాగానే కనిపించింది. షావుకారు గారి అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, ఆడిటర్ పని చదివింది. చూడమని ఫైలు పంపితే ఫోన్ చేసింది. "అంకుల్, ఏప్రిల్ ఒకటి పద్దులన్నీ మార్చి ముప్పై ఒకటిన ఎందుకు వేశారు?" మన అర్ధరాత్రి అక్కడి లెక్కలో ముందు రోజు సాయంత్రం ఆరున్నర. డాలస్‌లో ఇంకా మధ్యాహ్నం. ఒక్క రోజు వెనక్కి జరిగితే మామూలుగా ఫరవాలేదు గానీ, ఏప్రిల్ ఒకటి వెనక్కి జరిగితే ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. గ్నూక్యాష్ వాళ్లు దీనికి ఒక తమాషా చిట్కా పెట్టారు. ప్రతి పద్దునూ ఆ కాలమానంలో పొద్దున 10 గంటల 59 నిమిషాలకు జరిగినట్టు దాస్తారు, దాదాపు ప్రపంచంలో ఎక్కడ తెరిచినా అదే తేదీ వస్తుంది. మేం అంత దూరం పోలేదు. గడియారం తీసేశాం. చిట్టాలో తేదీ వేస్తాం గానీ గంట వేస్తామా?

ఇప్పుడు మీ వ్యాసంలో చిట్టాల గురించి అన్న మాటకు వస్తాను. పెద్ద గుమస్తాగారి దగ్గర నేను చేరిన మొదటి వారంలో ఒక అంకె తప్పు రాసి బ్లేడుతో గీకాను. చెంప మీద కొట్టినంత పని చేశారు. తప్పు మీద ఒకే గీత గీయాలి, కింద అంకె చదవగలిగేలా ఉండాలి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి. పెద్ద తప్పయితే ఎదురు పద్దు వేయాలి. అంతేగానీ చెరపకూడదు. తేడా వస్తే ముందు తొమ్మిదితో భాగించి చూడమని కూడా ఆయనే నేర్పారు. 5,104ను 5,014గా రాస్తే తేడా 90. అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో పోతుంది. మా ప్రోగ్రాంలో ఆ చిట్కా కూడా పెట్టించాను, మావాడు నవ్వుకున్నాడు గానీ పెట్టాడు.

కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలనీ, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదనీ కేంద్రం పెట్టిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పెద్ద గుమస్తాగారి ఒంటి గీతను చట్టం చేసినట్టే నాకనిపించింది. మాది కంపెనీ కాదు, మాకది వర్తించదు. అయినా ఖరారైన పద్దును మార్చబోయినా, తీసేయబోయినా డేటాబేసే అడ్డుపడేలా పెట్టాం. షావుకారు గారు ఒకసారి నెమ్మదిగా అడిగారు, మరీ అవసరమైతే తీసేసే దారి ఒకటి పెట్టొచ్చు కదా అని. ఆ అవసరం ఏమిటో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అయితే ఎస్‌క్యూలైట్ ఫైలు ఎవరైనా తెరవొచ్చన్నాను కదా, అదే దాని చిక్కు కూడా. తెలిసినవాడు ఆ అడ్డును తీసేసి, అంకె మార్చి, మళ్లీ అడ్డు పెట్టగలడు. అందుకని ప్రతి పద్దులోని రాత నుంచి ఒక గుర్తు, అంటే ఒక అక్షరాల వరస, లెక్కగట్టి, అందులో ముందు పద్దు గుర్తును కూడా కలుపుతాం. వెనక ఎక్కడ వేలు పెట్టినా ఆ తర్వాతి గుర్తులన్నీ మారిపోతాయి. రాత్రి కొట్టు కట్టేముందు ఆ రోజు చివరి గుర్తులోని మొదటి ఎనిమిది అక్షరాలను, నగదు నిల్వ పక్కన, ఎర్ర అట్ట చిట్టా పుస్తకంలో సిరాతో రాస్తాను. కాలం చెల్లిందన్న ఆ చిట్టాయే ఇప్పుడు మా కంప్యూటర్‌కు కాపలా.

ఇవన్నీ ఒక చిన్న కొట్టు సంగతులు. సహకార సంఘాల విషయం చాలా పెద్దది. 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలను 2,516 కోట్లతో ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తేవాలని కేంద్ర మంత్రివర్గం 2022 జూన్‌లో ఆమోదించింది. మంచి పనే. సంఘంలో రాతపుస్తకం ఎంత నమ్మకంగా ఉండేదో కూడా నేను చూశాను, అవి గొప్పవని ఎవరూ అనరు. కానీ సభ్యుడిగా నేను అడిగేది ఇది. ఏటా మార్చి 31 లెక్క ఖరారయ్యాక, సంఘం పద్దులన్నీ, ఏ ప్రోగ్రాంతోనూ పని లేకుండా తెరవగలిగే ఫైలులో, సంఘం చేతికి ఇస్తారా? ఆ పట్టికల్లో ఏ గడి అర్థం ఏమిటో రాసిన కాగితం కూడా ఇస్తారా? జీఎస్టీ చట్టం ప్రకారమే లెక్కలను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. రైతు అప్పు పత్రం ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. సాఫ్ట్‌వేర్ చేసిన సంస్థ మారినా, కాంట్రాక్టు అయిపోయినా, సంఘం కార్యదర్శి ఆ ఫైలు తెరిచి ఫలానా రైతు బాకీ ఎంతో చెప్పగలగాలి. మీ విలేకరి మళ్లీ అధికారులను కలిసినప్పుడు ఈ రెండు ప్రశ్నలూ వేసి, జవాబు అచ్చు వేయగలరని కోరుతున్నాను.

మా ప్రోగ్రాం గొప్ప కోసం ఇదంతా రాయలేదు. అది ఇంకా జీఎస్టీ రిటర్న్ తయారు చేయదు. ఇద్దరు గుమస్తాలు ఒకేసారి రెండు కంప్యూటర్ల నుంచి రాయడానికి ఎస్‌క్యూలైట్ కుదరదు, ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి అలా చేయబోతే పాడయ్యే ప్రమాదం ఉంది. దానికి పోస్ట్‌గ్రెస్ వైపు మార్చే పని సగంలో ఆగింది. వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఆదివారాలే దొరుకుతాడు. సుబ్బారావు అని వెతికితే సుబ్బా రావు దొరకని జబ్బు కూడా అలాగే ఉంది. మే నెల యార్డు సెలవుల్లో చూస్తానన్నాడు.

నా పేరు, కొట్టు పేరు ప్రచురించవద్దని మనవి. డాంగిల్ అమ్మినాయన ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారు, వేరే వ్యాపారంలో.

ఇట్లు,
ఒక గుమస్తా,
గుంటూరు